మామూలుకు దశమ భాగం

1988లో ఒక ఆదివారం ఉదయం కానుకల సంచిలో పది రూపాయల నోటు వేశాను. ముందురోజు సాయంత్రం ఆఫీసులో నా వాటాకు వచ్చిన మామూలు ఎనభై అయిదు రూపాయలు. అందులో దశమ భాగం, అంటే దేవుడికి చెందాల్సిన పదో వంతు, ఎనిమిదిన్నర. జేబులో చిల్లర లేదు. రూపాయిన్నర ఎక్కువే ఇచ్చానన్న తృప్తితో తర్వాతి కీర్తన అందుకున్నాను.

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని ఈ సంగతి ఇప్పుడు చెప్పడానికి కారణం ఒక చిన్న కాగితం. పోయిన నెల మా సంఘంలో యువజన కూడిక పెట్టి నన్ను మాట్లాడమన్నారు. అంశం: లోకంలో ఉంటూ పరిశుద్ధంగా జీవించడం. రిటైరైన ఉద్యోగి, తాతల నాటి క్రైస్తవ కుటుంబం, తెల్ల చొక్కా. తగినవాణ్నే పిలిచామనుకున్నారు పాపం. ఏదైనా మరిచిపోతానేమోనని కార్యదర్శి కుర్రాడు జాబితా రాసి చేతికిచ్చాడు. ఫోను, రీల్సు, సినిమాలు, ప్రేమలు, ఆడపిల్లల బట్టలు, బీరు, క్రికెట్ బెట్టింగు.

జాబితా తప్పనను. బెట్టింగు యాపుల్లో పడి అప్పులపాలైన పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. మందు సంగతి చెప్పేదేముంది, మా ఇంట్లో అన్నం ఉడికిందంటే నాయన దాన్ని ముట్టకపోవడం వల్లే. కానీ కాగితం రెండుసార్లు చదివాక ఒకటి తోచింది. ఈ జాబితా ప్రకారం నేను ఇప్పుడూ పరిశుద్ధుణ్నే, 1988లోనూ పరిశుద్ధుణ్నే. నేను సినిమా హాల్లో కాలు పెట్టి ఎరగను. బీడీ కాల్చలేదు. శనివారం సాయంత్రం పంపకంలో కవరు అందుకున్న చేత్తోనే ఆదివారం బైబిలు పట్టుకుని వెళ్లేవాణ్ని. ఆ చేతిని ఎవరూ ఏమీ అడగలేదు.

మా సంఘాల్లో 'లోకం' అనే మాటకు ఒక చిరునామా ఉంది. అది ఎప్పుడూ చర్చి ప్రహరీ బయట, వీలైతే రోడ్డుకు అవతలి పక్కన ఉంటుంది. సినిమా హాలు లోకం. జాతర లోకం. వైన్ షాపు లోకం. ఆఫీసు మాత్రం లోకం కాదు, అది 'దేవుడిచ్చిన ఉద్యోగం'. ఉద్యోగం దేవుడిచ్చాడు కాబట్టి దాని వెంట వచ్చేదంతా ఆశీర్వాదం కింద జమ అయిపోతుంది.

తెలుగు బైబిల్లో శోధన అనే మాట వాడతారు. పరీక్ష, ప్రలోభం రెండూ అందులో ఉన్నాయి. ఆఫీసులో సోదా అంటే ఏసీబీ వాళ్లు, చర్చిలో శోధన అంటే సైతాను; మొదటిదానికే ఎక్కువ భయపడేవాళ్లం. కానీ నా జీవితంలో శోధన శోధనలా రాలేదు. దాని పేరే 'మామూలు'. ఎప్పుడూ ఉండేది, అందరికీ ఉండేది, అడగాల్సిన పని లేనిది. లంచానికి ఇంత తెలివైన పేరు పెట్టిన భాష ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు.

మాది ప్రకాశం జిల్లా. మా జేజి చెప్పే కథల్లో గుండ్లకమ్మ నది లేని కథ లేదు. వాళ్ల అత్తగారి అత్తగారు ఆ నీళ్లలో మునిగి బాప్తిస్మం పొందినవాళ్లలో ఒకరట. చరిత్ర పుస్తకాల్లో ఉన్న సంగతే అది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని ఊడ్చేసిన కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, స్వతహాగా సర్వే పని తెలిసినవాడు, బకింగ్‌హాం కాలవలో కొంత మేర తవ్వకం కంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలీ కల్పించాడు. కూలికి వచ్చినవాళ్లు బాప్తిస్మం అడిగారు. దొర ఇవ్వలేదు. సుమారు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. వీళ్లు వస్తున్నది క్రీస్తు కోసమా, గింజల కోసమా తేలాలన్నాడు. కరువు సాయం పని ముగిశాక, ఇక మిషన్ దగ్గర ఇచ్చేందుకు ఏమీ లేదని తెలిసిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు.

జనం ఆ అంకె చెప్పి గర్వపడతారు. నాకు ఆ 15 నెలలే ముఖ్యం. వచ్చినవాణ్ని రేవు దగ్గర ఆపి, ఎందుకొచ్చావని అడిగిన సంఘం మాది.

నీళ్లలో మునగబోయే మాదిగలకు అప్పట్లో చెప్పిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇవాళ చదివితే చాదస్తంగా ఉండొచ్చు. ఒక్కో నియమం వెనక ఎంత కూడు పోయిందో జేజి చెబితేనే నాకు అర్థమైంది. ఊళ్లో గొడ్డు చస్తే లాగేయాల్సింది మావాళ్లు. తోలుతో చెప్పులు కుట్టాలి, మోటకు బొక్కెన కట్టాలి, అందుకు కళ్లం దగ్గర మేర గింజలు కొలుస్తారు. మాంసం వద్దన్నామంటే కరువు రోజుల్లో కుండ ఖాళీ. ఆదివారం కోతకు రామన్నామంటే సోమవారం కూలికి పిలవరు. జాతరలో డప్పు కొట్టం అన్నామంటే మేర ఆగిపోతుంది. నీళ్లు రానివ్వని ఊళ్లు ఉన్నాయి, దెబ్బలు పడ్డ పల్లెలు ఉన్నాయి. గుండ్లకమ్మలో మునిగిన మా ముసలమ్మ ఆ మూడూ పాటించింది. పరిశుద్ధత కింద ఆమె ఇచ్చుకున్నది అన్నం. నేను ఇచ్చుకున్నది ఎన్టీ రామారావు సినిమా.

మా నాయన మిషన్ బడిలో పంతులు. ఆయనదింకో కథ. చెప్పడానికి కొంచెం జంకుగా ఉంది, ఎందుకంటే దీన్ని పట్టుకుని మావాళ్లను తిట్టేవాళ్లు చాలామంది కాచుకుని ఉంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుడు ఇంకా బయటే. ఆంధ్రలో అతనికి మిగిలింది బీసీ-సీ, అక్కడ ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే ఎన్నో ఇళ్లలో గోడ మీద యేసు పటం ఉంటుంది, సర్టిఫికెట్‌లో హిందూ ఉంటుంది. నేను దీన్ని లంచం సంచిలో వేయను. గుండ్లకమ్మలో మునిగి వచ్చినవాళ్లను ఊరి బావి దగ్గరికి రానిచ్చారా? కులం వదల్లేదు, చట్టం మాత్రం కులం పోయిందంటోంది. ఆ అబద్ధం ముందు చట్టం చెప్పింది, బతకడం కోసం జనం దానికి వంత పాడుతున్నారు. చట్టం మారాలని గట్టిగా నమ్మేవాళ్లలో నేనొకణ్ని.

అయినా మా నాయన వినలేదు. నాకు బీసీ-సీ అనే రాయించాడు. బంధువులు ఇంటికొచ్చి తిట్టిపోశారు, అమ్మ ఏడ్చింది, అన్న ఏడాది పాటు నాయనతో మాట్లాడలేదు. "కాగితం మీద క్రీస్తును కాదనలేనురా" అన్నాడాయన. మరొకరి మీద ఆ బరువు పెట్టే హక్కు ఎవరికీ లేదు, కానీ ఆయన తనకు తాను పెట్టుకున్నాడు. పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి, 1984లో, ఆ శుభ్రమైన కాగితంతోనే నేను ఉద్యోగంలో చేరాను. చేరి, నాలుగేళ్లకు మామూలు తీసుకున్నాను.

ఏ శాఖో చెప్పను. ఆస్తుల కాగితాలు తిరిగే చోటు అనుకోండి. మొదట్లో జనంతో పనిలేని సీటు, అందుకే నా పరిశుద్ధతకు ఢోకా లేదు. తర్వాత నకళ్లు ఇచ్చే సీటుకు మార్చారు. మొదటి శనివారం అటెండరు నా సొరుగులో ఫైలు కింద కవరు పెట్టి వెళ్లాడు. తీసి అతని చేతిలో పెట్టాను. అతను కోప్పడలేదు. నెమ్మదిగా, పెద్దవాడు పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు: "మీరు తీసుకోకపోతే మిగతావాళ్లకు భయం సార్. మీ ఇష్టం, దానం చేసుకోండి. సీటు వాటా మాత్రం సీటుకు చేరాలి."

ఆ 'దానం చేసుకోండి' అన్న మాట నన్ను పడగొట్టింది. చేయి చాచి అడగమంటే వణికేవాణ్ని. అడగక్కర్లేదు, ఎవరినీ ఆపక్కర్లేదు, డబ్బు దానంతటదే వస్తుంది, అందులో మంచిపని కూడా చేయొచ్చు. మొదటి కవరు మొత్తం కానుకల సంచిలో వేద్దామనుకున్నాను. ఆ వారం పాపకు జ్వరం. పదో వంతు వేశాను. రెండో వారానికి అదే లెక్క అయింది. పాపిష్టి డబ్బులో దేవుడికి వాటా ఇవ్వడం దేవుణ్ని వాటాదారుగా చేర్చుకోవడమని అప్పుడు తట్టలేదు. పైగా జీతానికి, మామూలుకు విడివిడిగా దశమ భాగం లెక్కగట్టేవాణ్ని. లెక్కలో నిజాయితీపరుణ్ని!

నన్ను ఆశ్చర్యపరిచేది నా పతనం కాదు, దాని చుట్టూ ఉన్న ప్రశాంతత. నాలుగేళ్లలో నా కానుక పెరిగింది. సంఘంలో నా గౌరవమూ పెరిగింది. కమిటీలోకి తీసుకున్నారు. అదే కాలంలో మా సంఘంలో ఒక అమ్మాయికి ప్రభురాత్రి భోజనం ఇవ్వడం మానేశారు. పెళ్లిలో అత్తవారు పెట్టిన బొట్టుతో ఫొటో దిగిందని. ఆ కమిటీ తీర్మానం మీద నేనూ సంతకం పెట్టాను. ఇవాళ్టికీ నన్ను ఎక్కువగా తొలిచేది ఎనభై అయిదు రూపాయలు కాదు, ఆ సంతకం.

మా పరిశుద్ధత బరువు ఎవరి మీద మోపామో చూడండి. బొట్టు, పూలు, గాజులు, గొలుసు, జడ, చీర రంగు. అన్నీ ఆడవాళ్లవే. కొన్ని సంఘాల్లో స్త్రీలు తెల్లచీర తప్ప కట్టరు. ఇష్టపడి కట్టేవాళ్లను నేను గౌరవిస్తాను. కానీ మెడ బోసిగా ఉన్న పెళ్లికూతురిని చూపించి సాక్ష్యం గల కుటుంబమని మురిసే పెద్దలే, ముందురోజు రాత్రి ఇంటి స్థలం ఎన్ని గజాలో, కారు ఏ మోడలో తేల్చుకుని ఉంటారు. బంగారం లోకమట, స్థలం కాదట. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. అది గుర్తున్న పాస్టరుగారిని పెళ్లి ప్రార్థనలో ఒక్కసారైనా వినాలని ఉంది.

మార్కు సువార్త ఏడో అధ్యాయంలో, మనిషిని అపవిత్రం చేసేవి లోపలి నుంచే వస్తాయని యేసు ఒక జాబితా చెప్పాడు. అందులో వ్యభిచారం ఉంది. దొంగతనమూ, లోభమూ, మోసమూ అక్కడే పక్కపక్కనే ఉన్నాయి. ప్రసంగాల్లో మొదటిదాని దగ్గరే బండి ఆగిపోతుంది. ఇంకా విడ్డూరం చెబుతాను. యోర్దాను రేవులో బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి పన్నులు వసూలు చేసేవాళ్లు, సిపాయిలు వచ్చి మేమేం చేయాలని అడిగారని లూకా రాశాడు. ఆయన వాళ్లకు తిండి గురించీ బట్ట గురించీ ఏమీ చెప్పలేదు. ఉన్న పన్నుకు మించి వసూలు చేయొద్దన్నాడు. బెదిరించి లాక్కోవద్దు, జీతంతో తృప్తిపడండన్నాడు. అంటే బాప్తిస్మానికి ముందు గవర్నమెంటు ఉద్యోగిని అడగాల్సిన ప్రశ్న రెండువేల ఏళ్ల కిందటే సిద్ధంగా ఉంది. మా దగ్గర బాప్తిస్మానికి ముందు సినిమాలు మానేశావా అని అడుగుతారు.

రిటైరయ్యాక ఒక పాస్టరుగారితో ఈ మాటే అన్నాను. మంచి మనిషి, నా కంటే చిన్నవాడు. కాసేపు ఊరుకుని, "అయ్యగారూ, అడిగితే చర్చికి స్లాబు ఎవరు వేస్తారు?" అన్నాడు. కపటం లేకుండా చెప్పాడు కాబట్టి కోపం రాలేదు. ఆయనకు నెలజీతమంటూ లేదు, కానుకల మీదే ఇల్లు. ఇప్పుడు సంచి పక్కన క్యూఆర్ కోడ్ స్టాండు కూడా పెట్టారు. సంచీకి నోరు లేదు, స్టాండుకూ లేదు. అయినా ఒకటి గుర్తుచేశాను. యూదా వెనక్కి విసిరేసిన ముప్పై వెండి నాణేలను ఆ ప్రధాన యాజకులు ఆలయ ఖజానాలో వేయలేదు. అది రక్తం వెల అని పక్కన పెట్టి, పరదేశుల్ని పాతిపెట్టడానికి కుమ్మరివాడి పొలం కొన్నారు. ఆ డబ్బు ఇచ్చి యేసును పట్టించింది వాళ్లే, అయినా ఖజానా దగ్గర వాళ్లకు ఒక సంకోచం మిగిలింది. మనకు అదీ మిగల్లేదు. ఆయన నవ్వి ప్రార్థన చేద్దామన్నాడు. చేశాం.

నా డిమాండ్ పెద్దదేం కాదు. చర్చి ఏసీబీ కానక్కర్లేదు. బాప్తిస్మానికి ముందు అడిగే ప్రశ్నల్లో జీతం ప్రశ్న ఒకటి చేర్చండి. పెద్దల్ని ఎన్నుకునేటప్పుడు భార్య మెడ చూడ్డం మాని అతని ఆఫీసు గురించి అక్కడికి పనికెళ్లిన బీదవాణ్ని అడగండి. ఫలానా డబ్బు వద్దని చెప్పే అధికారం కోశాధికారికి ఇవ్వండి. స్లాబు ఆలస్యమవుతుంది, కానివ్వండి. బాప్తిస్మాలే 15 నెలలు ఆపిన సంఘానికి స్లాబు ఆపడం ఒక లెక్కా?

యువజన కూడికలో ఇదంతా చెప్పలేదు. ఫోను గురించి పావుగంట మాట్లాడాను. చివర్లో ఒక కుర్రాడు, కొత్తగా గ్రామ సచివాలయంలో చేరినవాడట, లేచి "అంకుల్, మేం తీసుకోకపోయినా పైవాళ్లు మా పేరు చెప్పి తీసుకుంటే?" అని అడిగాడు. నిర్వాహకులు టైమైపోయిందన్నారు. భోజనాల దగ్గర అతని కోసం వెతికాను, వెళ్లిపోయాడు. అతనికి చెబుదామనుకున్నది ఇది.

1992లో ఒక ముసలమ్మ మా ఆఫీసుకు వచ్చింది. మా సంఘం మనిషే, ఆడవాళ్ల వైపు ముందు చాప మీద గోడకు ఆనుకుని కూర్చునేది. చనిపోయిన భర్త పేరున ఉన్న ఇంటి జాగా కాగితానికి నకలు కావాలి. నన్ను చూడలేదు, లోపలి సీటులో ఉన్నాను. అటెండరుకు ఇరవై రూపాయలిచ్చింది, సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది. సంతకం నాదే. ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆమె లేచి నిలబడింది. నెలలు తిరగాలని భయపెట్టారయ్యా, దేవుడు ఇరవై రూపాయలతోనే పని జరిగించాడు, ఆయనకే స్తోత్రం అంది. సంఘమంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను.

నోట్లోంచి ఆ మాట బయటికొచ్చాక గొంతు ఆరిపోయింది. నా దొంగతనం తక్కువలో పోయినందుకు ఆమె దేవుడికి కృతజ్ఞత చెబుతోంది. సోమవారం వెళ్లి నన్ను రికార్డు గదికి మార్చమని అర్జీ పెట్టుకున్నాను. దుమ్ము, చెదలు, కవర్లు లేని చోటు. ధైర్యం కాదు, పారిపోవడం. తోటివాళ్లకు ఒంట్లో బాగోలేదని చెప్పాను.

జక్కయ్య కథ తెలుసు కదా. మేడి చెట్టెక్కిన పొట్టి సుంకరి అని సండే స్కూల్లో చేతులు ఊపుతూ పాడిస్తారు. చెట్టు దిగాక అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడని మాత్రం ఎవరూ గట్టిగా పాడించరు. నేనెవరెవరి దగ్గర తీసుకున్నానో లెక్క లేదు. ఈ ఒక్కరి లెక్క తెలుసు. ఇరవైకి నాలుగంతలు ఎనభై. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట పంపు దగ్గర ఆమె చేతిలో పెట్టాను. "ఎందుకు నాయనా?" అంది. చెప్పాలనే వెళ్లాను. చుట్టూ జనం ఉన్నారు, ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. "దేవుడు ఇవ్వమన్నాడవ్వా" అన్నాను.

ఆ మరుసటి ఆదివారం ఆమె మళ్లీ లేచి, అడక్కుండానే ఒక సహోదరుడి ద్వారా దేవుడు ఎనభై రూపాయలు పంపాడని సాక్ష్యం చెప్పింది. సంచి తిరుగుతూ ఆమె చాప దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పి, ఒక అయిదు నోటు, మూడు రూపాయి బిళ్లలు లెక్కపెట్టి వేసింది.